ఆవిరి ఇంజిన్లకు చెక్ పెట్టింది ఎక్స్‌ప్రెస్ బండి కాదు.. యార్డులో వ్యాగన్లు నెట్టిన ఈ చిన్న డీజిల్ ఇంజిన్!

బరువు 60 టన్నులు. శక్తి 300 హార్స్‌పవర్. ఇప్పుడు హైవే మీద కనిపించే పెద్ద ట్రక్కుల్లో చాలావాటికి ఇంతకంటే ఎక్కువ పవర్ ఉంటుంది. చూడ్డానికేమో నాలుగు మూలల ఇనప పెట్టెకు చక్రాలు బిగించినట్టు ఉంటుంది. కానీ అమెరికా రైల్వే చరిత్రలో దీనికి ప్రత్యేక స్థానం ఉంది. అక్కడ వాణిజ్యపరంగా సక్సెస్ అయిన తొలి డీజిల్-ఎలక్ట్రిక్ ఇంజిన్ ఇదే. పేరంటూ ఏమీ లేదు, ఉన్నదల్లా ఓ నంబర్.. అదే 1000.

1925లో పనిలోకి దిగిన ఈ ఇంజిన్ ఒక్క ప్యాసింజర్ రైలును కూడా పరుగులు పెట్టించలేదు. న్యూయార్క్‌లోని ఓ గూడ్స్ యార్డులో వ్యాగన్లను అటూ ఇటూ నెట్టడమే దాని పని. మన దగ్గర షంటింగ్ ఇంజిన్ అంటాం, అమెరికాలో స్విచర్ అంటారు. మరి ఇంత చిన్న పని చేసిన ఇంజిన్‌కు అంత పెద్ద పేరు ఎలా వచ్చింది? అసలు కథ ఓ ప్రమాదంతో మొదలైంది.

సొరంగంలో కమ్ముకున్న పొగ.. 15 మంది మృతి

1902 జనవరి 8. న్యూయార్క్ మన్‌హటన్‌లోని పార్క్ అవెన్యూ సొరంగం. ఉదయం ఆఫీసులకు వెళ్లే జనంతో నిండిన ఓ రైలు లోపల ఆగి ఉంది. వెనక నుంచి వచ్చిన మరో రైలు దాన్ని ఢీకొట్టింది. 15 మంది అక్కడికక్కడే చనిపోయారు. సొరంగం నిండా ఆవిరి, బొగ్గు పొగ కమ్ముకుని ఉండటంతో సిగ్నళ్లు సరిగా కనిపించకపోవడం ఈ ప్రమాదానికి ప్రధాన కారణమైంది.

జనాగ్రహం కట్టలు తెంచుకుంది. మరుసటి ఏడాదే చట్టం వచ్చింది. హార్లెమ్ నదికి దక్షిణాన మన్‌హటన్‌లోకి వచ్చే ప్యాసింజర్ లైన్లలో 1908 నుంచి ఆవిరి ఇంజిన్లు నడపకూడదన్నది దాని సారాంశం. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌కు వచ్చే రైళ్లు కరెంటు మీదకు మారింది అందుకే.

1923లో ఇంకో చట్టం.. ఈసారి సిటీ మొత్తం

ప్యాసింజర్ లైన్లు బాగుపడ్డాయి కానీ, గూడ్స్ యార్డుల్లో పొగ అలాగే ఉండిపోయింది. ఇళ్ల మధ్యలో, ఫ్యాక్టరీల పక్కన, ఓడరేవు దగ్గర.. ఎక్కడ చూసినా బొగ్గు పొగే. దీంతో న్యూయార్క్ రాష్ట్రం 1923లో కాఫ్‌మన్ చట్టం తెచ్చింది. 1926 జనవరి 1 నాటికి న్యూయార్క్ సిటీలో ఆవిరి ఇంజిన్లు ఆపేయాలని చెప్పింది. ఆ తర్వాత గడువు వెనక్కి జరిగినా, రైల్వే కంపెనీలకు మాత్రం కంగారు మొదలైంది.

కరెంటు తీగలు వేసుకోవచ్చు కదా అనిపించొచ్చు. రోజుకు వందల రైళ్లు నడిచే మెయిన్ లైన్‌లో ఆ ఖర్చు గిట్టుబాటు అవుతుంది. కానీ రోజుకు కొన్ని డజన్ల వ్యాగన్లు మాత్రమే కదిలే చిన్న యార్డుకు తీగలు, స్తంభాలు, సబ్‌స్టేషన్ అంటే తడిసి మోపెడే. పైగా ఒక్కో యార్డులో మెలికలు తిరిగే పట్టాలు బోలెడు. ప్రతి పట్టా మీదా తీగ లాగాల్సిందే. తీగ లేకుండా, పొగ లేకుండా నడిచే ఇంజిన్ కావాలి.. అదీ రైల్వే కంపెనీల ముందున్న సవాల్.

డీజిల్ ఇంజిన్ ఉంటే చాలదా?

డీజిల్ ఇంజిన్ అప్పటికే ఉంది. జర్మన్ ఇంజినీర్ రుడాల్ఫ్ డీజిల్ 1897లోనే దాన్ని విజయవంతంగా నడిపి చూపించారు. చిక్కల్లా దాన్ని రైలుకు తగిలించడంలోనే వచ్చింది.

ఆవిరి ఇంజిన్ నిలబడ్డ చోటు నుంచే పూర్తి బలంతో లాగగలదు. డీజిల్ అలా కాదు. ముందు అది తిరుగుతూ ఉండాలి, అప్పుడే బలం వస్తుంది. కారులో అయితే క్లచ్, గేర్లు ఆ పని చూసుకుంటాయి. వందల టన్నుల బరువును కదిలించే గేర్లను ఆ రోజుల్లో నమ్మకంగా తయారు చేయడం కష్టం.

దీనికి దొరికిన ఉపాయమే డీజిల్-ఎలక్ట్రిక్. ఇందులో డీజిల్ ఇంజిన్ నేరుగా చక్రాలను తిప్పదు, జనరేటర్‌ను తిప్పుతుంది. జనరేటర్ నుంచి వచ్చే కరెంటుతో ఇరుసుల దగ్గర ఉన్న మోటార్లు తిరుగుతాయి. ఎలక్ట్రిక్ మోటార్‌కు నిలబడ్డ చోటు నుంచే గట్టిగా లాగే గుణం ఉంది. సింపుల్‌గా చెప్పాలంటే, పైన తీగ అక్కర్లేకుండా తన కరెంటును తానే తయారు చేసుకునే ఎలక్ట్రిక్ ఇంజిన్ అన్నమాట.

ముందు ఫెయిల్.. తర్వాత హిట్

ఈ ఐడియా తొలి ప్రయత్నంలోనే పండలేదు. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 1918 ప్రాంతంలో కొన్ని డీజిల్ ఇంజిన్లు తయారు చేసింది. అవి నిలబడలేదు. డ్రైవర్ ఓ పక్క ఇంజిన్ వేగం, మరో పక్క జనరేటర్ లోడ్ రెండూ చూసుకోవాల్సి రావడం అప్పట్లో పెద్ద సమస్య. కాస్త అటూ ఇటూ అయితే ఇంజిన్ ఆగిపోవడమో, మోటార్ల మీద భారం ఎక్కువైపోవడమో జరిగేది.

ఈ చిక్కుముడి విప్పిన వ్యక్తి హెర్మన్ లెంప్. స్విట్జర్లాండ్‌లో పుట్టి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన ఇంజినీర్. ఇంజిన్ ఇవ్వగలిగినంత పవర్‌నే జనరేటర్ తనంతట తాను తీసుకునేలా ఆయన కంట్రోల్ పద్ధతి రూపొందించారు. ఇక డ్రైవర్ చూసుకోవాల్సింది ప్రధానంగా ఒక్క థ్రాటిల్ మాత్రమే. ఆ తర్వాత వచ్చిన డీజిల్-ఎలక్ట్రిక్ ఇంజిన్ల కంట్రోల్‌కు ఈ ఆలోచనే పునాది.

మూడు కంపెనీలు చేతులు కలిపిన వేళ

ఆ తర్వాత ముగ్గురు పార్ట్‌నర్లు కలిశారు. ఎయిర్ కంప్రెసర్లకు పేరున్న ఇంగర్‌సాల్ రాండ్ డీజిల్ ఇంజిన్ ఇచ్చింది. జనరేటర్, మోటార్లు, కంట్రోల్ జనరల్ ఎలక్ట్రిక్ వంతు. బాడీ, చక్రాల పని అమెరికన్ లోకోమోటివ్ కంపెనీది. అందరూ ఆల్కో అని పిలిచేది దీన్నే. ఇందులో విశేషం ఏంటంటే, ఆల్కో అసలు వ్యాపారం ఆవిరి ఇంజిన్లు తయారు చేయడం! తన వ్యాపారాన్ని రేపు మింగేయబోయే బండికి తనే బాడీ కట్టిచ్చింది.

అంతకు ముందే, 1924లో, 8835 నంబర్‌తో ఓ శాంపిల్ ఇంజిన్‌ను వేర్వేరు రైల్వే కంపెనీల యార్డులకు తీసుకెళ్లి పని చేయించి చూపించారు. అది చూశాకే ఆర్డర్లు వచ్చాయి. మొదట కొన్నది సెంట్రల్ రైల్‌రోడ్ ఆఫ్ న్యూజెర్సీ. 1925 అక్టోబర్‌లో ఇంజిన్ డెలివరీ అయింది. దానికే 1000 నంబర్ ఇచ్చారు.

పట్టాలు లేని చోటికి పడవ మీద వ్యాగన్లు

1000 నంబర్ ఇంజిన్ డ్యూటీ చేసింది న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, హార్లెమ్ నది ఒడ్డున ఉన్న చిన్న టెర్మినల్‌లో. ఆ కంపెనీ పట్టాలు నేరుగా అక్కడికి వెళ్లవు. న్యూజెర్సీ వైపు నుంచి వ్యాగన్లను పట్టాలు బిగించిన పెద్ద బల్లకట్ల మీద ఎక్కించి, నీళ్ల మీదుగా తెచ్చేవారు. వాటిని దించి, గుండ్రంగా కట్టిన గోదాం దగ్గరకు చేర్చడం, ఖాళీ అయ్యాక మళ్లీ బల్లకట్టు ఎక్కించడం.. రోజూ ఇదే పని.

ఇరుకు చోటు, మెలికల పట్టాలు, చుట్టూ జనం. పొట్టిగా ఉండి, పొగ కక్కని ఇంజిన్‌కు ఇంతకంటే తగిన చోటు దొరకదు.

యార్డులోనే ఎందుకు గెలిచింది?

అసలు పాయింట్ ఇక్కడే ఉంది. చట్టం వల్ల డీజిల్‌కు అవకాశం మాత్రమే వచ్చింది. దాన్ని నిలబెట్టింది మాత్రం లెక్కలే.

షంటింగ్ ఇంజిన్ రోజులో చాలాసేపు ఊరికే నిలబడి ఉంటుంది. వ్యాగన్ తగిలించే వరకు ఆగాలి, సిగ్నల్ కోసం ఆగాలి, బల్లకట్టు వచ్చే వరకు ఆగాలి. ఆవిరి ఇంజిన్ ఆగినా పొయ్యి ఆగదు. బొగ్గు వేస్తూనే ఉండాలి, నీళ్లు పోస్తూనే ఉండాలి. బూడిద తీయాలి, బాయిలర్ కడగాలి. పొద్దున పని మొదలెట్టాలంటే గంటల ముందే మంట పెట్టాలి.

డీజిల్‌కు ఈ గోల లేదు. పని ఉంటే స్టార్ట్ చేయాలి, లేకపోతే ఆపేయాలి. ఇంధనం నింపితే చాలాసేపు యార్డు వదిలి వెళ్లక్కర్లేదు. అంటే స్పీడులో కాదు.. ఆగి ఉన్నప్పుడు ఖర్చు లేకపోవడంలో డీజిల్ నెగ్గింది. ఎక్స్‌ప్రెస్ రైళ్ల దగ్గర ఆవిరి ఇంజిన్ ఇంకా రాజే. యార్డులో మాత్రం దాని పని అయిపోయింది.

వెంటే మిగతా కంపెనీలు

బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్‌రోడ్ కూడా ఇదే రకం ఇంజిన్ కొని మన్‌హటన్ యార్డులో పెట్టింది. లాంగ్ ఐలాండ్ రైల్‌రోడ్ రెండు డీజిల్ ఇంజిన్లు బిగించిన 100 టన్నుల పెద్ద మోడల్ తీసుకుంది. ఆ తర్వాత ఫ్యాక్టరీలు కూడా తమ సొంత సైడింగుల కోసం కొన్నాయి.

మెయిన్ లైన్‌లో సరకు రైళ్లు లాగే 5,400 హార్స్‌పవర్ డీజిల్ సెట్‌ను జనరల్ మోటార్స్ జనం ముందుకు తెచ్చింది 1939లో. అంటే 1000 నంబర్ వచ్చిన 14 ఏళ్లకు! అప్పటికి ఎన్నో రైల్వే కంపెనీల మెకానిక్‌లు యార్డుల్లో డీజిల్‌తో చేతులు కాల్చుకుని పని నేర్చేసుకున్నారు. 1960 వచ్చేసరికి అమెరికా పెద్ద రైల్వేల్లో రోజువారీ ఆవిరి ఇంజిన్ల పని దాదాపు ముగిసిపోయింది.

ప్రపంచంలోనే మొదటిదా?

కాదు. ఈ విషయంలో చాలామంది పొరబడుతుంటారు. స్వీడన్‌లో 1913లోనే డీజిల్-ఎలక్ట్రిక్ రైలు పెట్టె పట్టాలెక్కింది. సోవియట్ యూనియన్ కోసం తయారైన డీజిల్-ఎలక్ట్రిక్ ఇంజిన్ 1924లో నడిచింది. అమెరికాలోనూ అంతకు ముందు ప్రయోగాలు జరిగాయి. కానీ కొన్న కంపెనీ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి, అదే మోడల్ ఇంజిన్లు వరసగా అమ్ముడుపోయేలా చేసిన ఘనత మాత్రం ఈ బండిదే.

లాభం కంపెనీలకు.. దెబ్బ ఫైర్‌మన్‌కు

ఈ కథకు ఇంకో వైపు కూడా ఉంది. ఆవిరి ఇంజిన్‌పై డ్రైవర్‌తో పాటు ఫైర్‌మన్ ఉండాల్సిందే. బొగ్గు వేసి మంటను కాపాడేది అతనే. డీజిల్‌లో మంటే లేదు, మరి ఫైర్‌మన్‌కు పనేంటి?

యూనియన్లు పోరాడి, డీజిల్ ఇంజిన్లపైనా ఫైర్‌మన్‌ను ఉంచేలా 1937లో ఒప్పందం చేసుకున్నాయి. సిగ్నళ్లు గమనించడానికి రెండో మనిషి అవసరమని వారి వాదన. పని లేని మనిషికి జీతమా అన్నది కంపెనీల వాదన. గొడవ ముదిరి దేశవ్యాప్త సమ్మె దాకా వెళ్లడంతో 1963లో అమెరికా కాంగ్రెస్ జోక్యం చేసుకుని, తప్పనిసరి మధ్యవర్తిత్వానికి చట్టం చేసింది. సరకు రైళ్లు, యార్డుల్లోని ఫైర్‌మన్ పోస్టుల్లో దాదాపు 90 శాతం క్రమంగా తీసేయొచ్చన్న తీర్పు వచ్చింది. పొగ పోయింది.. దాంతో పాటే వేల కుటుంబాలకు అన్నం పెట్టిన ఉద్యోగమూ పోయింది.

మన రైల్వేకు లింకు ఇదీ

1000 నంబర్‌కు బాడీ కట్టిన ఆల్కో పేరు మన రైల్వే ఉద్యోగులకు బాగా తెలుసు. 1961లో వారణాసిలో డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ ఏర్పాటైంది ఆల్కో సహకారంతోనే. అక్కడ తయారైన 2,600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-2 ఇంజిన్లు దశాబ్దాల పాటు దేశమంతా తిరిగాయి. కాజీపేట, గుత్తి, విశాఖపట్నం డీజిల్ షెడ్లలో పనిచేసిన వాళ్లకు ఆల్కో ఇంజిన్ శబ్దం వింటే చాలు, గుర్తుపట్టేస్తారు. మన యార్డుల్లో షంటింగ్ చేసిన డబ్ల్యూడీఎస్-6 కూడా ఆ కుటుంబానిదే. ఆల్కో మాత్రం 1969లో ఇంజిన్ల తయారీ ఆపేసింది.

ఇప్పుడు ఎక్కడుంది?

1000 నంబర్ ఇంజిన్ 1957 వరకు పనిచేసింది. అంటే 30 ఏళ్లకు పైగా సర్వీసు. తర్వాత తుక్కు కింద అమ్మేయకుండా భద్రపరిచారు. ఇప్పుడు మేరీల్యాండ్ రాష్ట్రం బాల్టిమోర్‌లోని బీ అండ్ ఓ రైల్‌రోడ్ మ్యూజియంలో ఉంది. బాల్టిమోర్ అండ్ ఒహాయో కొన్న దాని తోటి ఇంజిన్ సెయింట్ లూయిస్ రవాణా మ్యూజియంలో ఉంది.

మ్యూజియానికి వెళ్లేవాళ్లు ముందుగా ఫొటోలు దిగేది పెద్ద పెద్ద ఆవిరి ఇంజిన్ల పక్కనే. వాటిని పట్టాల మీంచి దించే పని మొదలెట్టిన ఈ ఇనప పెట్టె కూడా అదే మ్యూజియంలో ఉంది.