రంగం డబ్బుతో కట్టిన ఇల్లు

భావనపాడులో మా ముత్తాత కట్టించిన పెంకుటింటి గోడలు నడుము ఎత్తు దాకా వేలితో రాస్తే పొడిగా రాలతాయి. ఆ పైన మేకు కూడా దిగదు. నేలలోని ఉప్పునీరు గోడలోకి పాకి, ఆరినచోట ఉప్పు గడ్డకట్టి ఇటుకను చిట్లగొడుతుంది. ఒకవైపు సముద్రం, మరోవైపు నౌపడా ఉప్పు మడులు. చవుడెక్కక ఏమవుతుంది? నాన్న ఒకసారి సిమెంటు పూత వేయించారు. తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి చవుడు ఇంకా పైకెక్కింది. గుల్లలు కాల్చి, గానుగాడించిన సున్నంతో కట్టిన గోడకు మళ్లీ ఆ సున్నమే పెట్టాలి.

చుట్టూ తాటాకు ఇళ్లే ఉన్న కాలంలో ఇటుకలకు డబ్బెక్కడిది? "రంగం డబ్బురా" అనేది మామ్మ. అంతకు మించి చెప్పేది కాదు.

రంగం అంటే బర్మాలోని రంగూన్. కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమరెక్కి మనవాళ్లు వేలమంది అక్కడికి వెళ్లారు. బియ్యం మిల్లుల్లో, రేవులో మోతపని చేశారు. వాళ్లను పోగుచేసి తీసుకెళ్లింది మేస్త్రీలు. ముందు అప్పిచ్చి, ఓడ ఖర్చు పెట్టి, అక్కడి కూలిలోంచి తమ వాటా కోసుకునేవారు. మా ముత్తాత మేస్త్రీయే. మావాళ్లు బర్మా టేకు స్తంభాల గురించి గొప్పగా చెబుతారు గానీ ఈ మాట ఎత్తరు. ఈ గోడల్లో చుట్టుపక్కల ఊళ్ల కూలిజనం చెమట ఉంది. అది దాచి ఈ ఇంటి చరిత్ర చెప్పడం నాకు చేతకాదు.

అటకమీది భోషాణంలో ఆయన లెక్కల పుస్తకం దొరికింది. ఊరి పేరు, మనిషి పేరు, ఇచ్చిన అప్పు, తీరిన సొమ్ము. కొన్ని పేర్ల మీద అడ్డంగా గీత. తీర్చేశారో, చనిపోయారో రాయలేదు.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మెకట్టారు. వాళ్ల బదులు బర్మావాళ్లను పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్లు మళ్లీ పనిలోకి వచ్చేసరికి గొడవ రాజుకుంది. 26న మొదలైన ఆ అల్లర్లలో చాలామంది తెలుగువాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక, ఓడ దొరకనివాళ్లు కొండలూ అడవులూ దాటి కాలినడకన బయల్దేరారు. ఎందరో దారిలోనే పోయారు. రంగం రాబడి అక్కడితో సరి.

ఇల్లు కట్టినప్పుడు మాది గంజాం జిల్లా. 1936లో ఒడిశా విడిపోయాక విశాఖపట్నం, 1950 నుంచి శ్రీకాకుళం. దస్తావేజుల్లో జిల్లా మారుతూ వచ్చింది. అన్నదమ్ముల పంపకాల్లో మండువా మధ్య గోడ లేచింది. 2018లో తిత్లీ తుఫానుకు పెంకులు లేచిపోయాయి గానీ గోడలు కదల్లేదు.

పక్కనే మూలపేటలో పోర్టు పనులు మొదలయ్యాక మావాళ్లు ఇల్లు అమ్మేద్దామంటున్నారు. నా వాటా నేను అమ్మను. కింది వరసల్లో ఇటుక మార్పించి సున్నం పెట్టిస్తాను. లెక్కల పుస్తకానికి నకళ్లు తీయించాను. ఆ ఊళ్లవాళ్లెవరొచ్చినా తమ తాతల పేర్లు వెతుక్కోవచ్చు.