సూర్యుని మచ్చల పద్దు

సూర్యబింబం మీద అప్పుడప్పుడు కనిపించే నల్లని మచ్చలను శాస్త్రగ్రంథాలు సూర్యకళంకాలు అంటాయి. సూర్యుని ఉపరితలం సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ వేడిమితో ఉండగా, మచ్చలున్న చోట బలమైన అయస్కాంత క్షేత్రం లోపలి నుంచి పైకి రావలసిన వేడిని అడ్డుకోవడం వల్ల అక్కడి వేడిమి దాదాపు రెండు వేల డిగ్రీల మేర తగ్గుతుంది. అందువల్ల మచ్చ స్వయంగా వెలిగేదే అయినా చుట్టూ ఉన్న వెలుగు ముందు నల్లగా తోస్తుంది. పెద్ద మచ్చకు నడుమ ప్రచ్ఛాయ అనే చిక్కని నలుపు, దాని చుట్టూ ఉపచ్ఛాయ అనే పలుచని అంచు ఉంటాయి. చాలా మచ్చలు గుంపులుగా పుట్టి, కొన్ని గంటల నుంచి కొన్ని నెలల దాకా నిలిచి మాయమవుతాయి. వీటిని రోజూ లెక్కపెట్టి రాసిపెట్టే పని నాలుగు శతాబ్దాలుగా సాగుతోంది. ఆ పద్దు రాసినవారిలో ఎక్కువమంది దానికి జీతం పుచ్చుకున్నవారు కారు. పెద్ద దూరదర్శినులు గాని పదునైన చూపు గాని వారి పనికి విలువ తేలేదు. రోజు తప్పకుండా చూడడం, ఏమీ కనిపించని రోజును కూడా రాసిపెట్టడం, వీలైనంతవరకు పరికరాన్ని మార్చకపోవడం అనే మూడు అలవాట్లే ఆ విలువకు మూలం.

కంటితోనే కనిపించేంత పెద్ద మచ్చలను చైనా ఆస్థాన జ్యోతిష్కులు క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నుంచే నమోదు చేశారు. దూరదర్శిని వచ్చాక 1610 డిసెంబరులో ఇంగ్లండులో థామస్ హారియట్ మచ్చల బొమ్మ గీయగా, 1611లో యొహానెస్ ఫాబ్రీషియస్ వాటి మీద తొలి పుస్తకం అచ్చు వేయించాడు. అవి సూర్యుని మీదివా, సూర్యుని చుట్టూ తిరిగే చిన్న గ్రహాలా అన్న విషయమై గెలీలియోకూ జెసూట్ పండితుడు క్రిస్టఫ్ షైనర్‌కూ మధ్య జరిగిన వివాదం అందరికీ తెలిసినదే గాని, ఈ చరిత్రకు దానికంటే ముఖ్యమైనది గెలీలియో శిష్యుడు బెనెడెట్టో కాస్టెల్లి సూచించిన ఒక చిన్న ఉపాయం. దూరదర్శినిలోకి కన్ను పెట్టి సూర్యుణ్ణి చూస్తే చూపు పోతుంది. దాని బదులు కంటికటకం వెనుక ఒక కాగితం పట్టి, దాని మీద పడే బింబాన్ని పెన్సిలుతో గీసుకోవచ్చునని అతడు చెప్పాడు. ఈనాటికీ ఔత్సాహికుల్లో చాలామంది పాటించే పద్ధతి ఇదే.

పని చూడడానికి తేలికే అయినా మెలకువ కావాలి. ఎండకు నేల వేడెక్కి గాలి కదలక ముందే, అంటే పొద్దున్నే, బింబం నిలకడగా ఉంటుంది. ముందుగా గీసి ఉంచుకున్న వృత్తంలో బింబాన్ని సరిగ్గా ఇమిడ్చి, దూరదర్శినిని కదపకుండా వదిలితే, భూభ్రమణం వల్ల బింబం కాగితం మీద ఒక పక్కకు జారుతుంది. మచ్చ జారిన గీతే పడమటి దిక్కును చూపుతుంది. కనిపించిన నలుసు కాగితంలోని మరకా, నిజమైన మచ్చా అన్న అనుమానం వస్తే గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టి చూస్తారు. బింబంతో పాటు కదిలింది మచ్చ, కదలనిది కాగితపు మరక.

1645 నుంచి 1715 వరకు మచ్చలు చాలా అరుదుగా కనిపించాయి. తరువాతి కాలపు పరిశోధకుడు ఎడ్వర్డ్ మాండర్ పేరు మీద ఆ కాలాన్ని మాండర్ కనిష్ఠం అంటున్నారు. మచ్చలు తిరిగి వచ్చాక కూడా వాటి రాకపోకల్లో ఒక క్రమం ఉందని చాలాకాలం ఎవరికీ తట్టలేదు. కోపెన్‌హాగెన్‌లో క్రిస్టియన్ హొర్రెబో 1776లో అలాంటి క్రమం ఉండవచ్చునని రాసుకున్నాడు గాని, ఆ ఏడే మరణించాడు, ఆ ఊహ కాగితాల్లోనే ఉండిపోయింది.

క్రమాన్ని కనిపెట్టినవాడు జర్మనీలోని డెస్సావు పట్టణంలో మందుల అంగడి నడిపిన హైన్రిక్ ష్వాబే. అతడు వెదికింది మచ్చలను కాదు. బుధుని కంటే లోపలి కక్ష్యలో మరొక గ్రహం ఉంటే అది సూర్యబింబానికి అడ్డుగా పోయేటప్పుడు నల్లని చుక్కలా కనిపించాలి. ఆ చుక్కను పోల్చుకోవాలంటే బింబం మీది ప్రతి మచ్చా తెలిసి ఉండాలి. ఈ ఆలోచనతో 1825లో మొదలుపెట్టి, 1829లో అంగడిని అమ్మేసి, ఆకాశం తేటగా ఉన్న ప్రతిరోజూ సూర్యుణ్ణి చూశాడు. గ్రహం దొరకలేదు, అలాంటిది లేనే లేదు. పద్దెనిమిదేళ్ల తరువాత అతడు ప్రకటించిన పట్టికలో ఏడాదికి నాలుగే గడులు: సంవత్సరం, మచ్చల సమూహాలు, మచ్చలే లేని రోజులు, పరిశీలన జరిగిన రోజులు. 1828లో 225 సమూహాలు కనిపించాయి, మచ్చ లేని రోజు ఒక్కటీ లేదు. 1833లో 33 సమూహాలు, 139 ఖాళీ రోజులు. 1837లో 333 సమూహాలు, ఖాళీ రోజులు శూన్యం. 1843లో 34 సమూహాలు, 149 ఖాళీ రోజులు. సుమారు పదేళ్లకొకసారి మచ్చలు పెరిగి తగ్గుతున్నాయని దీన్ని చూసినవారికి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. ఈ పట్టికలో అసలు ప్రాణం మూడో గడిలో ఉంది. మచ్చ కనిపించినప్పుడే రాసుకునేవారి పుస్తకంలో, మచ్చ లేని రోజుకూ చూడని రోజుకూ తేడా తెలియదు. ష్వాబే సున్నాను కూడా పద్దులో ఎక్కించాడు కనుకనే లెక్క తేలింది. ఆ ప్రకటనను మొదట పట్టించుకున్నవారు కొద్దిమంది. అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ తన 'కాస్మోస్' మూడో సంపుటంలో ఆ అంకెలను పొడిగించి అచ్చు వేశాకే పండితలోకం మేల్కొంది. 1857లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ష్వాబేకు బంగారు పతకం ఇచ్చింది.

ఈ పద్దును ఒక వ్యవస్థగా మార్చినవాడు స్విట్జర్లాండుకు చెందిన రుడాల్ఫ్ వోల్ఫ్. అతడు 1848లో బెర్న్‌లో ఒక సూత్రం తయారుచేసి, తరువాత జ్యూరిక్ చేరి 1893లో మరణించే వరకు దాన్ని వదలలేదు. సమూహాల సంఖ్యను పదితో గుణించి, దానికి విడి మచ్చల మొత్తాన్ని కలిపి, వచ్చినదాన్ని పరిశీలకుని కన్ను, పరికరం, వాతావరణం వల్ల వచ్చే తేడాను సరిదిద్దే ఒక గుణకంతో హెచ్చిస్తే వచ్చేది సాపేక్ష సంఖ్య. మూడు సమూహాల్లో వరుసగా ఒకటి, నాలుగు, పన్నెండు మచ్చలుంటే ముప్పయికి పదిహేడు కలిపి 47 అవుతుంది. బింబం మీద ఒకే ఒక్క మచ్చ ఉన్నా అది ఒక సమూహం కూడా కనుక ఆనాటి సంఖ్య 11. అంటే గుణకం ఒకటిగా ఉన్నవారి పద్దులో సున్నా తరువాత వచ్చే అంకె పదకొండే. ఇది మొదట విడ్డూరంగా తోచినా, చిన్న దూరదర్శినికి చిరు మచ్చలు తప్పిపోయినా సమూహం తప్పిపోదు కనుక సమూహానికి బరువు ఎక్కువ ఇవ్వడంలో వివేకం ఉంది. వోల్ఫ్ పాత పుస్తకాలు, ఉత్తరాలు, మఠాల దస్త్రాలు గాలించి తన శ్రేణిని 1749 దాకా వెనక్కి తీసుకుపోయి, సగటున పదకొండేళ్లకు ఒక చక్రమని నిర్ధారించి, 1755లో మొదలైన చక్రానికి ఒకటో నంబరు ఇచ్చాడు. ప్రస్తుత చక్రాల లెక్క అక్కడి నుంచే సాగుతోంది.

చిక్కు మనిషి కంటితోనే వచ్చింది. వోల్ఫ్ అతి చిన్న చుక్కలను కావాలనే లెక్కలోకి తీసుకోలేదు. అతని సహాయకుడు ఆల్ఫ్రెడ్ వోల్ఫర్ కనిపించినదంతా లెక్కపెట్టాడు. ఇద్దరూ పదిహేడేళ్లు పక్కపక్కనే పరిశీలించగా వోల్ఫర్ అంకెలను 0.6తో హెచ్చిస్తేనే గురువు అంకెలకు సరిపోతాయని తేలింది. అందుచేత 1893 తరువాత జ్యూరిక్‌లో ప్రకటించిన ప్రతి సంఖ్యా ఎదుట కనిపించిన లెక్కలో పదింట ఆరు వంతులే. పోయినవారి కంటిని కొలబద్దగా నిలిపి బతికున్నవారి లెక్కను దానికి తగ్గట్టు కుదించిన ఈ పద్ధతి శాస్త్రచరిత్రలో అరుదైనది, కొంత మొండిది కూడా. శ్రేణి తెగకుండా నిలిచింది మాత్రం ఆ మొండితనం వల్లనే.

ఇంగ్లండులో బీరు తయారీ పరిశ్రమ నడిపిన కుటుంబానికి చెందిన రిచర్డ్ కారింగ్టన్ రెడ్‌హిల్‌లో సొంత వేధశాల కట్టుకుని 1853 నుంచి మచ్చల స్థానాలు కొలిచాడు. సూర్యుడు మధ్యరేఖ దగ్గర వేగంగా, ధ్రువాల వైపు మెల్లగా తిరుగుతాడని తేల్చాడు. 1859 సెప్టెంబరు 1న కాగితం మీది బింబంలో ఒక పెద్ద సమూహం పక్కన రెండు తెల్లని మెరుపులు కొన్ని నిమిషాల పాటు కనిపించాయి. రిచర్డ్ హాడ్జ్‌సన్ అనే మరొక ఔత్సాహికుడూ అదే సమయంలో వేరే చోట వాటిని చూశాడు. అది సౌరజ్వాలకు తొలి నమోదు. మరునాటికి భూమి మీద అయస్కాంత తుపాను చెలరేగి, తంతి తీగలు స్తంభించాయి. తండ్రి మరణం తరువాత వ్యాపారం మీద పడడంతో కారింగ్టన్ ఒక చక్రమైనా పూర్తి కాకుండా పని మానుకోవలసి వచ్చింది. రోజుకు అరగంట పనికి పదకొండేళ్ల తీరిక కావలసి రావడం ఈ వృత్తిలోని అసలు కష్టం.

లెక్క పెరిగిన కొద్దీ దాని మీద మోయలేని బరువులు కూడా పెట్టారు. 1876-78 కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీని, అందులో ముఖ్యంగా బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను, పీడించిన ధాత కరువు సమయంలో భారత ప్రభుత్వ గణాంక శాఖాధిపతి విలియం విల్సన్ హంటర్ మద్రాసు వర్షపాతాన్ని మచ్చల శ్రేణితో పోల్చి, మచ్చలు తక్కువైన ఏళ్లలో వాన కూడా తగ్గి కరువులు వస్తాయని 1877లో వాదించాడు. ఖగోళ పరిశోధకుడు నార్మన్ లాకియర్ అతనితో చేతులు కలిపాడు. కరువును ముందే చెప్పగలమన్న ఆశ వల్ల, 1899లో కొడైకనాల్‌లో సౌర వేధశాల వెలసి, 1904 నుంచి అక్కడ రోజూ సూర్యుని ఛాయాచిత్రాలు తీశారు. వాతావరణ శాఖ అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ పెద్ద ఎత్తున అంకెలు పరీక్షించగా, రుతుపవనానికీ మచ్చలకూ ఉన్న సంబంధం పంటల విషయంలో ఆధారపడదగినంత బలమైనది కాదని తేలింది. ధాన్యం ధరలూ పాలకుల విధానమూ తేల్చవలసిన ప్రశ్నను సూర్యుని మీదికి నెట్టడంలో పాలకులకు ఒక సౌకర్యం ఉందన్న మాట ఇక్కడ చెప్పక తప్పదు. ఆ తప్పుడు ఆశ మీద కట్టిన వేధశాల మిగిల్చిన చిత్రాల శ్రేణికి మాత్రం ఈనాటికీ ఎంతో విలువ ఉంది.

1890లో ఏర్పడిన బ్రిటిష్ ఆస్ట్రనామికల్ అసోసియేషన్‌లో సూర్య విభాగానికి తొలి అధ్యక్షురాలు సిరెన్‌సెస్టర్‌కు చెందిన ఎలిజబెత్ బ్రౌన్. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ స్త్రీలను సభ్యులుగా చేర్చుకున్నది 1916లో గాని కాదు. ఔత్సాహికుల సంఘంలో ఆ అడ్డు లేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జ్యూరిక్ అంకెలు అట్లాంటిక్ దాటడం కష్టం కాగా, దూరప్రాంతాలకు పోయే షార్ట్‌వేవ్ రేడియో సంకేతాలను వెనక్కి పంపే అయనావరణం, అంటే వాతావరణం పైభాగంలోని విద్యుదావేశపు పొర, సూర్యుని తీరును బట్టి మారుతుంది కనుక అమెరికాకు సొంత లెక్క అవసరమైంది. చరనక్షత్రాలను గమనించే ఔత్సాహికుల సంఘం, అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్, 1944లో సూర్య విభాగాన్ని పెట్టి ఆ లెక్కను తలకెత్తుకుంది. సౌరజ్వాల వచ్చినప్పుడు చాలా తక్కువ పౌనఃపున్యపు రేడియో సంకేతాలు హఠాత్తుగా మారడాన్ని ఇంట్లో కట్టుకున్న రిసీవరుతో పట్టే పని కూడా ఆ విభాగం సభ్యులు తరువాత చేపట్టారు. ఇది మబ్బు పట్టిన రోజున కూడా జరుగుతుంది.

అదే 1944లో టోక్యోలో హిసాకో కొయామా అనే యువతి తన మచ్చల బొమ్మను ఒక ఖగోళ పండితునికి పంపి, ప్రోత్సాహం పొంది, యుద్ధం తరువాత అక్కడి జాతీయ విజ్ఞాన ప్రదర్శనశాలలో చేరింది. 20 సెంటీమీటర్ల దూరదర్శినితో ఒకే పద్ధతిలో నాలుగు దశాబ్దాలకు దగ్గరగా ఆమె గీసిన బొమ్మలు పదివేలకు పైబడ్డాయి.

జ్యూరిక్ 1980తో పని ముగించగా 1981 నుంచి శ్రేణి బ్రస్సెల్స్‌కు మారింది. దేశదేశాల నుంచి అక్కడికి అంకెలు పంపే కేంద్రాల్లో సగానికి పైగా ఔత్సాహికులవే. స్విట్జర్లాండులోని లొకార్నో కేంద్రం వారందరికీ ప్రమాణంగా నిలిచింది. 1940ల చివరి నుంచి జ్యూరిక్ పరిశీలకులు పెద్ద మచ్చలను రెండు మొదలు ఐదు మచ్చల కింద లెక్కకట్టడం వల్ల అంకెలు ఆరో వంతుకు అటూ ఇటూగా ఉబ్బాయని ఈ శతాబ్దంలో బయటపడింది. శ్రేణినంతా తిరగతోడే పనిలో కొయామా బొమ్మల శ్రేణి ఒక ముఖ్య ఆధారమైంది. 2015 జులై 1న సవరించిన శ్రేణి వెలువడింది. వోల్ఫ్ నాటి 0.6 గుణకాన్ని కూడా అప్పుడే తీసివేశారు. దానితో 1958లో వచ్చిన పందొమ్మిదో చక్రపు గరిష్ఠం సుమారు 201 నుంచి 285కు పెరిగింది. సూర్యుడు మారలేదు, కొలబద్ద వోల్ఫ్ నుంచి వోల్ఫర్‌కు మారింది.

సరిదిద్దే పని పద్దులోని మొదటి పుటల దాకా పోయింది. వోల్ఫ్ శ్రేణి 1749లో మొదలు కావడానికి కారణం ఆ ఏటి నుంచి నూరెంబర్గ్‌లో యొహాన్ కాస్పర్ స్టాడాకర్ అనే ఔత్సాహికుడు గీసిన బొమ్మలు. వాటి మీద దిక్కుల గుర్తులు లేవు. ఈమధ్య పోట్స్‌డామ్ పరిశోధకులు వరుస రోజుల బొమ్మలను జోడించి, సూర్యభ్రమణ వేగాన్ని బట్టి ప్రతి వృత్తాన్నీ తగినంత తిప్పి మచ్చల స్థానాలు రాబట్టారు. మామూలుగా ప్రతి చక్రం మొదట్లో మచ్చలు మధ్యరేఖకు ముప్పై డిగ్రీల దూరాన పుట్టి, ఏళ్లు గడిచేకొద్దీ మధ్యరేఖ వైపు జరుగుతాయి. స్టాడాకర్ తొలి బొమ్మల్లో మాత్రం అవి మొదటి నుంచీ మధ్యరేఖ దగ్గరే ఎక్కువగా ఉన్నాయి. అది ఆనాటి సూర్యుని తీరో, గీసిన చేతి తీరో చెప్పాలంటే అదే రోజుల్లో మరొకరు గీసిన బొమ్మలు దొరకాలి.