ఉదయగిరి, ఆత్మకూరు సీమలో బాలింత గాయాల సంరక్షణ

కాన్పులో యోనికీ మలద్వారానికీ మధ్యనుండే పెరినియం అనే భాగం చిరిగితే, ఆ గాయాన్ని చూసుకునే బాధ్యత నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో తరతరాలుగా మంత్రసానిదీ, ఇంటి పెద్దామెదీగా ఉండేది. వేపాకు వేసి కాచిన నీళ్లతో కడగడం, పసుపు అద్దడం, మంచం కింద కుంపటి పెట్టి కాపడం, సాంబ్రాణి పొగ వేయడం వారి పద్ధతులు. కాచిన నీరు, వెచ్చదనం పైపై చిరుగులకు నిజంగానే మేలు చేసేవి; కానీ మలద్వారపు కండరం దాకా తెగిన గాయం కుట్టు లేకుండా సరిగా అతకదు గనుక, కొందరు స్త్రీలు మలాన్ని ఆపుకోలేని బాధను ఎవరికీ చెప్పుకోలేక జీవితాంతం మోశారు. ఆ మౌనం ఈ చరిత్రలో అన్నిటికన్నా బరువైన అధ్యాయం.

కుట్టు కోసం వెళ్దామంటే, అమెరికన్ బాప్టిస్టు మిషన్ స్త్రీల కోసం నెలకొల్పిన ఆసుపత్రి నెల్లూరులో ఉండగా, ఉదయగిరి అక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరం. నొప్పులు మొదలయ్యాక బండి మీద చేరుకోగల దారి కాదది. ఇక మంత్రసానుల విషయానికొస్తే, 1926 నాటి మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం శిక్షణ పొందినవారి నమోదుకు వీలు కల్పించింది.

ఆసుపత్రి కాన్పులతో పాటు ఎపిసియోటమీ, అంటే బిడ్డ బయటపడేందుకు కత్తెరతో పెట్టే కోత, కూడా వచ్చింది. 1742లో డబ్లిన్ వైద్యుడు ఫీల్డింగ్ ఔల్డ్ కష్టకాన్పులకే సూచించిన ఈ కోతను, 1920లో అమెరికా వైద్యుడు జోసెఫ్ డిలీ ముందుజాగ్రత్త చర్యగా సమర్థించాడు. 2005లో కేంద్ర ప్రభుత్వ పథకం జననీ సురక్షా యోజన ఆసుపత్రి కాన్పులను ప్రోత్సహించగా, 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు కాన్పుల్లో అలవాటుగా కోత పెట్టవద్దని స్పష్టం చేసింది.