శస్త్రచికిత్స తరువాత నొప్పి నివారణ: కొల్లేటి ప్రాంతం

ఆపరేషన్ తరువాత రోగికి నొప్పి తెలియకుండా చూస్తూనే మార్ఫిన్, ఫెంటానిల్, పెంటజోసిన్, ట్రమడాల్ వంటి ఓపియాయిడ్ల (నల్లమందు జాతి మందుల) వాడకాన్ని తగ్గించే వైద్య విధానం గురించి ఈ వ్యాసం. అమెరికాలో ఓపియాయిడ్ అన్న మాట వినగానే గుర్తొచ్చేది ఆ మందుల వెల్లువ. కలిదిండి, కైకలూరు, ఏలూరు వైపు పరిస్థితి వేరు. ఇక్కడ అవసరమైన చోట మార్ఫిన్ దొరకడం కష్టం, అవసరం లేని చోట ట్రమడాల్ బిళ్ళ సులువు. ఈ రెండు లోపాలనూ కలిపి చూడాలి.

ఈ ప్రాంతంలో ఎక్కువ కుటుంబాలకు ఎదురయ్యే పెద్ద ఆపరేషన్ సిజేరియన్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్‌తో జరిగాయి. దేశ సగటు 21.5 శాతం. కాబట్టి నొప్పి నివారణ గురించి ఇక్కడ ఏం రాసినా బాలింతతోనే మొదలుపెట్టాలి. వార్డులో ఆమెకు మొదట వినబడే మాట "ఓర్చుకోవాలమ్మా". ఈ సలహాతో మేలు కన్నా కీడే ఎక్కువ. నొప్పికి భయపడి కదలని బాలింత కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, బిడ్డకు పాలివ్వడమూ కష్టమవుతుంది.

ఆపరేషన్ నొప్పి నివారణపై పనిచేసే ప్రాస్పెక్ట్ బృందం సిజేరియన్ గురించి 2021లో వెలువరించిన సిఫారసులు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. వెన్నులో ఇచ్చే మత్తు సూదిలోనే 100 మైక్రోగ్రాముల లోపు మార్ఫిన్ కలిపితే దాదాపు మొదటి రోజంతా నొప్పి అణిగి ఉంటుంది. దానికి తోడు పారాసిటమాల్, డైక్లోఫెనాక్ వంటి మందు గడియారం చూసి వేళకు ఇవ్వాలి, నొప్పి వచ్చాక కాదు. ఆ కాస్త మార్ఫిన్ వాడితే తరువాత వాడాల్సిన ఓపియాయిడ్ తగ్గుతుంది. అయితే నిల్వ రసాయనాలు కలపని మార్ఫిన్ కావాలి, శ్వాసను రాత్రంతా గమనించే నర్సు కావాలి. దురద, వాంతులు మామూలే.

వెన్ను సూది వల్లే జీవితాంతం నడుము నొప్పి అని ఊళ్ళలో గట్టి నమ్మకం. పరిశోధనలు దీన్ని సమర్థించలేదు. సూది గుచ్చిన చోట కొన్నాళ్ళు సలుపు ఉండవచ్చు. నెలల తరబడి ఉండే నడుము నొప్పికి గర్భంతో వచ్చిన మార్పులే ఎక్కువ కారణం. నిజంగా సూదివల్ల వచ్చేది తలనొప్పి. లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గుతుంది.

మార్ఫిన్ లేని చోట ఉదర గోడ నరాలను మొద్దుబార్చే ట్యాప్ బ్లాక్ ఉపయోగపడుతుంది. 2001లో ఎ.ఎన్. రఫీ దీన్ని వర్ణించారు. ఇప్పుడు స్కానింగ్ తెర మీద చూస్తూ చేస్తారు. పొట్ట పక్కన మూడు కండరాలు పొరలు పొరలుగా కనిపిస్తాయి. మత్తు డాక్టరు సూదిని రెండో పొరకూ మూడో పొరకూ మధ్యకు తీసుకెళ్ళి మందు వదలగానే ఆ సందు నల్లగా, కంటి ఆకారంలో విచ్చుకుంటుంది. పైన కుట్ల నొప్పి కొన్ని గంటలపాటు తగ్గుతుంది. గర్భసంచి ముడుచుకునేటప్పటి నొప్పికి మాత్రం ఇది పనిచేయదు.

మార్ఫిన్‌ను నల్లమందు నుంచి వేరు చేసినవాడు జర్మన్ ఔషధకారుడు జెర్ట్యూర్నర్. 1803, 1804, 1805 అని రకరకాలుగా రాస్తారు. పండితలోకం దాన్ని గుర్తించింది మాత్రం 1817 నాటి వ్యాసంతోనే. మార్ఫిన్ వంటి ఓపియాయిడ్ల అసలు ప్రమాదం శ్వాస మందగించడం. శ్వాసను కనిపెట్టి ఉండాలన్న పట్టుదలకు తెలుగునేలలో పాత చరిత్ర ఉంది. నిజాం ఖర్చుతో 1888, 1889లలో హైదరాబాదులో అప్పటి మత్తుమందు క్లోరోఫాంపై జరిగిన కమిషన్లలో సర్జన్ ఎడ్వర్డ్ లారీ నాడిని కాదు, ఊపిరిని చూడమన్నాడు. క్లోరోఫాం విషయంలో ఆ తీర్పు నిలవలేదు. అది గుండెనే నేరుగా ఆపగలదని 1911లో లెవీ అనే పరిశోధకుడు చూపాడు. ఓపియాయిడ్ల విషయంలో మాత్రం ఊపిరి లెక్కే మొదటి జాగ్రత్త. 

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయంతో ఆసుపత్రులు మార్ఫిన్ జోలికి పోవడం మానేశాయి. 2014 సవరణ లైసెన్సుల చిక్కును తగ్గించింది. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో గాయత్రీ పాలాట్ నడిపిన ఉపశమన విభాగం, మార్ఫిన్‌ను జాగ్రత్తగా, ధారాళంగా వాడవచ్చని చూపింది. అది క్యాన్సర్ నొప్పి సంగతి. ఆపరేషన్ వార్డులు ఆ దారిలో అంతగా నడవలేదు. ట్రమడాల్ దీనికి విరుద్ధం, నిబంధనలున్నా సులువుగా దొరుకుతుంది. 2014 నుంచి హెచ్1 షెడ్యూల్‌లో ఉంది, అంటే మందుల షాపు చీటీ చూసి రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. 2018లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికీ తెచ్చారు.

అమెరికా అనుభవం హెచ్చరికగా పనికొస్తుంది. ఆసుపత్రిలో ఉన్న రోగుల్లో వ్యసనం అరుదు అంటూ 1980లో ఒక వైద్య పత్రికలో అచ్చయిన ఐదు వాక్యాల ఉత్తరాన్ని ఇంటికి రాసిచ్చే మందులకూ సాక్ష్యంగా వాడుకున్నారు. దాన్ని 608 సార్లు ఉదహరించారని 2017లో తేలింది. ఆక్సీకాంటిన్ అనే ఓపియాయిడ్ బిళ్ళ 1996లో బజారుకొచ్చింది.

కొల్లేటి పల్లెల్లో జాగ్రత్త పడవలసింది డిశ్చార్జి రోజున. పాలిథిన్ కవరులో కత్తిరించిన బిళ్ళల ముక్కలు, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అన్న మాట తప్ప పేరు ఉండదు. బాలింతకు ఇచ్చిన కవరైతే అందులో ట్రమడాల్ ఉందా అని అడగాలి. పాలిచ్చే తల్లులకు ట్రమడాల్, కోడీన్ తగవని అమెరికా ఔషధ సంస్థ 2017లో హెచ్చరించింది, ఎందుకంటే కొందరి శరీరం వాటిని చాలా వేగంగా బలమైన మందుగా మార్చి పాలలోకి పంపుతుంది. పారాసిటమాల్ 50 కిలోలు దాటిన పెద్దవారికి ఆరు గంటలకు గ్రాము, రోజుకు 4 గ్రాములు మించకూడదు. చెరువుల మీద ఎండలో పనిచేసి ఒళ్ళు ఎండిన మనిషికి, మూత్రపిండాల జబ్బున్నవారికి డైక్లోఫెనాక్ ప్రమాదం. ఊళ్ళో ఆర్ఎంపీ వైద్యుడు వేసే "నొప్పి సూది" చాలాసార్లు అదే. సిజేరియన్ కాక హెర్నియా ఆపరేషన్ అయినవారు వల లాగే పనికి ఎప్పుడు వెళ్ళాలో సర్జన్‌నే అడగాలి. మూడు నెలలు దాటినా గజ్జల్లో మంట, తిమ్మిరి ఉంటే అది కుట్ల నొప్పి కాదు, నరానికి సంబంధించినది కావచ్చు. దాని చికిత్స వేరు.