ఈత కల్లు

ఈత చెట్టు (ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్) నుండి గీసిన తీపి రసము సహజముగా పులియగా తయారయ్యే మత్తు పానీయము ఈత కల్లు. మాక్లూర్ మండలమున్న నిజామాబాదు జిల్లాతో సహా తెలంగాణ అంతటా దసరా వంటి పండుగలలో దీని వాడకము ఎక్కువ.

సేకరణ

గీత కార్మికులు మోకు సాయముతో చెట్టెక్కి, మొవ్వు దిగువన మానును చెక్కి లొట్టి కడతారు. తాటి చెట్టుకైతే గెలను గీస్తారు. పులియని తాజా రసమును నీరా అంటారు. లొట్టి లోపల సున్నము పూస్తే పులియడము ఆలస్యమవుతుంది.

పులియడము

ఈస్టు రసములోని చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. ఈస్టు, బాక్టీరియా సజీవముగా ఉండుటచే పులుపు గంటగంటకు పెరుగుతుంది. బ్రిటనులో పీపాలోనే మరల పులిసే బీరు కూడా ఇటువంటిదే. చల్లని చోట నిల్వ ఉంచి పక్వము చేసే లాగర్ బీరును ఆ విధముగా అందించడము అరుదు. పీపా తెరిచిన బీరు కొద్ది రోజులు నిలుస్తుంది. కల్లును గీసిన రోజే త్రాగాలి. అందుచేత చెట్లు దగ్గరగా ఉన్న ఊళ్ళలోనే మంచి కల్లు దొరుకుతుంది.

కల్తీ

చెట్లు చాలని చోట క్లోరల్ హైడ్రేటు, డయాజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మందులు కలిపి కృత్రిమ కల్లు అమ్మడము జరుగుతున్నది. 2015లో దాడుల వలన ఇటువంటి కల్లు అందక, నిజామాబాదు, మహబూబ్ నగర్ జిల్లాలలో అనేకులు ఆసుపత్రుల పాలయ్యారు. దీనికి అలవాటుపడినవారు హఠాత్తుగా మానితే వణుకు, మూర్ఛ, మతిభ్రమణము కలుగవచ్చును. కనుక వైద్యుని పర్యవేక్షణలో క్రమముగా మానడము అవసరము.