ఒక సినిమా, ఒక కొండ భాష

ఉక్రెయిన్ అనగానే మనకు పేపర్లో వచ్చే యుద్ధం వార్తలే గుర్తుకొస్తాయి. ఆ దేశంలో భాష కోసం నిలబడిన ఒక గొప్ప సినిమా ఉందని మనలో చాలామందికి తెలియదు. దాని పేరు ‘మరచిపోయిన పూర్వీకుల నీడలు’. కీవ్ నగరంలోని దొవ్‌జెంకో స్టూడియోలో తయారై 1965లో విడుదలైంది.

ఈ కథను ఉక్రెయిన్ రచయిత మిహైలో కొత్సుబిన్‌స్కీ 1911లో రాశాడు. ఆయన శతజయంతి సందర్భంగా దీన్ని సినిమాగా తీశారు. కార్పాతియన్ కొండల్లో హుత్సుల్ అనే ప్రజలు ఉంటారు. వాళ్ళలో పగబట్టిన రెండు కుటుంబాలు. ఒక ఇంటి అబ్బాయి ఇవాన్, ఇంకో ఇంటి అమ్మాయి మరిచ్కా. ఇద్దరూ చిన్నప్పటి నుంచి స్నేహితులు. పెద్దయ్యాక మరిచ్కా నదిలో పడి చనిపోతుంది. ఇవాన్ ఇంకొకరిని పెళ్ళి చేసుకుంటాడు. ఆ పెళ్ళిలో వధూవరుల కళ్ళకు గంతలు కట్టి, మెడమీద ఎద్దులకు వేసినట్టు కాడి వేస్తారు. కానీ అతను మరిచ్కాను మరచిపోలేక చివరికి ప్రాణం పోగొట్టుకుంటాడు.

దర్శకుడు సెర్గీ పరజానోవ్ ఉక్రెయిన్ వాడు కాదు. జార్జియాలోని తిబిలిసిలో పుట్టిన ఆర్మేనియన్. అయినా కొండల్లోకి వెళ్ళి, అక్కడి బట్టలు, పాటలు, ఆచారాలు చూసి సినిమా తీశాడు. పాత్రలు హుత్సుల్ యాసలోనే మాట్లాడతాయి. అప్పుడు ఉక్రెయిన్ సోవియట్ యూనియన్‌లో భాగం. సినిమా దేశమంతా ఆడాలంటే రష్యన్‌లోకి డబ్ చేయడం మామూలు. పరజానోవ్ మాత్రం దానికి ఒప్పుకోలేదు. ఆ మాటలు తీసేస్తే ఆ మనుషులే ఉండరు కదా!

1965 సెప్టెంబరు 4న కీవ్‌లోని ‘ఉక్రయినా’ థియేటర్లో సినిమా వేశారు. అంతకు కొద్ది రోజుల ముందే ఉక్రెయిన్ మేధావులను చాలామందిని రహస్యంగా అరెస్టు చేశారు. విమర్శకుడు ఇవాన్ జ్యూబా వేదిక ఎక్కి ఆ సంగతి అందరికీ చెప్పేశాడు. జర్నలిస్టు చొర్నొవిల్, కవి వాసిల్ స్తుస్ ఆయనకు తోడు నిలిచారు. హాల్లో కొందరు నిరసనగా లేచి నిలబడ్డారు. దీనికి వాళ్ళు పెద్ద మూల్యమే చెల్లించారు. స్తుస్‌ను పరిశోధన చదువు నుంచి తీసేశారు. ఆయన 1985లో ఖైదీల శిబిరంలోనే చనిపోయాడు. పరజానోవ్ కూడా 1973 నుంచి 1977 వరకు జైల్లో గడిపాడు.

విదేశాల్లో సినిమాకు మంచి పేరే వచ్చింది. కానీ ఫ్రాన్స్‌లో దాన్ని ‘అగ్ని గుర్రాలు’ అనే పేరుతో ఆడించారు. చాలాచోట్ల ‘సోవియట్ సినిమా’ అని మాత్రమే చెప్పుకున్నారు. పూర్వీకులూ పోయారు, ఉక్రెయిన్ పేరూ పోయింది. 1991లో స్వతంత్రం వచ్చాక ఉక్రెయిన్ ప్రజలు దీన్ని మళ్ళీ తమదిగా చూసుకున్నారు. 2021లో కీవ్‌లోని దొవ్‌జెంకో కేంద్రం విమర్శకులతో ఎంపిక చేయించిన వంద ఉత్తమ ఉక్రెయిన్ చిత్రాల్లో దీనికే మొదటి స్థానం దక్కింది.

బయట వేరే భాష, ఇంట్లో, బడిలో తెలుగు మాట్లాడే మనకు ఈ చరిత్ర సులభంగా అర్థమవుతుంది. మన ఇళ్ళలోని తెలుగు పుస్తకాల తెలుగులా ఉండదు. అవ్వాతాతల మాటల్లో పక్క భాష పదాలు, పాత పదాలు కలిసి ఉంటాయి. దాన్ని విని కొందరు నవ్వుతారు. హుత్సుల్ యాస కూడా పెద్ద నగరాల భాష కాదు. అయినా ఉక్రెయిన్ సినిమాల్లో మొదటి స్థానం ఆ యాసలో తీసిన సినిమాకే వచ్చింది. కాబట్టి మన అవ్వ మాట్లాడే తెలుగును చూసి సిగ్గుపడకుండా, ఆమె చెప్పే కథలను ఆమె మాటల్లోనే రాసి పెట్టుకుందాం.