ఒంగోలులో మూతపడిన బడి



మిషనరీల చరిత్ర చెప్పుకునేటప్పుడు వారు కట్టిన బడులను, ఆసుపత్రులను లెక్కపెట్టడం మనకు అలవాటు. ఈ నెల ఒక మూతపడిన బడిని గూర్చి మీతో ముచ్చటించాలని ఆశపడుతున్నాను.

జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. యౌవనంలో భూములు కొలిచే సర్వే పని చేశారు. భార్య హ్యారియెట్ గారితో 1864 చివర ఓడ ఎక్కి, 1865లో నెల్లూరు చేరారు. అక్కడ లైమన్ జూయెట్ గారి దగ్గర సేవకు తర్ఫీదు పొందుతూ, మనం ఉగ్గుపాలతో నేర్చుకున్న తెలుగును ఒక్కొక్క మాటగా కూడబలుక్కున్నారు. 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టారు. అప్పటికి ఆయనకు 30 ఏళ్లు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది.

ఊరి బ్రాహ్మణ పెద్దలు వచ్చి తమ పిల్లలకు బడి పెట్టమని అడిగారు. దొరగారు సంతోషంగా పెట్టారు. బడిలో బైబిలు చదువుతారు, ప్రార్థన చేస్తారు. పెద్దలు దానికీ అభ్యంతరం చెప్పలేదు. పై కులాలవారు మొదట నమ్మితే మిగతావారు వారి వెంట వస్తారని ఆ రోజుల్లో చాలామంది మిషనరీల ఆలోచన. యవ్వనస్థుడైన సేవకునికి ఇంతకంటే మంచి ద్వారం ఏముంటుంది?

అయితే దేవుడు మరొక ద్వారం తెరిచాడు. యర్రగుంట్ల పేరయ్య గారు మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. సత్యం కోసం యోగమార్గంలో ఎంతో వెదకిన మనిషి. క్రీస్తును ఎరిగి, 1866లో జూయెట్ గారి చేత బాప్తిస్మం పొంది, తన జనం మధ్య సువార్త చెప్పసాగాడు. 1867 జనవరిలో క్లౌ గారు తాళ్ళకొండపాడు వెళ్లి గుడారం వేస్తే, చుట్టుపక్కల పల్లెలవారు తిండి మూటకట్టుకొని వచ్చి, చెట్ల నీడన రోజుల తరబడి వాక్యం విన్నారు. 28 మంది బాప్తిస్మం పొందారు.

వారికి ఆయన నేర్పిన మొదటి పాఠాలు మూడే. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మ్రొక్కకూడదు. వినడానికి చిన్నవే గాని, ఎంత ఖరీదైనవో ఆలోచించండి! రైతు కపిలబాన తోలు తెగితే ఆదివారమైనా కుట్టి ఇవ్వాలి. జాతరకు డప్పు కొట్టాలి. లేదంటే కళ్లంలో గింజలు రావు. ఆ పాఠాలను వారు ఆకలితో, దెబ్బలతో నేర్చుకున్నారు.

వీరు ఒంగోలు మిషన్ ఆవరణకు రావడం మొదలుపెట్టగానే పెద్దలు దొరగారి వద్దకు వచ్చారు. మాదిగలను చేర్చుకోవడం మానకపోతే తమ పిల్లలను బడి మాన్పిస్తామన్నారు. ఆయన కలవరపడి, గదిలోకి వెళ్లి లేఖనం తెరిచారు. కళ్ల ఎదుట 1 కొరింథీ 1:26-29 కనబడింది. లోకం నీచులుగా ఎంచినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు చెప్పే భాగమది. ఆ సంగతి భార్యకు చెప్పబోతే, వేరే గదిలో ఉన్న ఆమె కూడా అదే భాగం చదువుతున్నారు! వారు పేదల పక్షం నిలిచారు. బడి మూతపడింది.

ఆ నిర్ణయపు ఫలం వెంటనే కనబడలేదు. 1876-78 కరువులో క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని తీసుకొని వేలమందికి కూలి దొరికేలా చేశారు. నేర్చిన సర్వే విద్య అక్కడ అక్కరకు వచ్చింది. కూటి కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదని ఆ కాలంలో నెలల తరబడి బాప్తిస్మాలు ఆపేశారు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వేలంపల్లి వద్ద, ఒక్క రోజే 2,222 మంది నీటిలోకి దిగారు. నాడు బడిని ఎంచుకొని పల్లెవారిని పొమ్మని ఉంటే, ఆ ఒడ్డున ఎవరు నిలిచేవారు?

ప్రియ చదువరీ, ఈ చరిత్ర వ్రాస్తుండగా నా మనస్సాక్షి నన్ను గద్దించింది. ఒక ఆదివారం మా మందిరంలోకి కారులో వచ్చిన కుటుంబానికి నేనే ఎదురువెళ్లి ముందు వరుసలో కుర్చీలు వేయించాను. అదే సమయంలో పనిచీరతోనే వచ్చిన ఒక కూలితల్లి గడప దగ్గర నిలబడిపోయింది. ఆమెను నేను చూశాను, కాని కదలలేదు. పెద్దలు నన్ను బెదిరించనైనా లేదు. బెదిరింపు లేకుండానే నేను ఓడిపోయాను.

మీ సంఘంలో గడప దగ్గర నిలబడినది ఎవరు? మీరు నడిపే బడిలో, మీ సండేస్కూలులో, మీ పెండ్లి పంక్తిలో ఎవరికి చోటు లేదు? వారికి చోటు ఇస్తే మీరు పోగొట్టుకొనేది ఏమిటో లెక్క చూసుకోండి. లెక్క చూసుకొని కూడా చోటు ఇవ్వండి.

ప్రార్థన: ప్రభువా, మనుష్యుల మెప్పు కొరకు నీ బిడ్డలను గడప దగ్గర నిలిపిన మా పాపమును క్షమించుము. నీవు తెరిచిన ద్వారమును మేము మూయకుండునట్లు సహాయము చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.